పేలుడుకు ముందే ఆపేయకండి

(హనుమకొండలోని ఒక చర్చి హాల్లో, యువజన నాయకుల శిక్షణలో చేసిన ప్రసంగం. రికార్డు విని రాసుకున్న పాఠం.)

అందరికీ వందనాలు. వెనక కూర్చున్న తమ్ముళ్లు జర ముందుకు జరగండి. ఆ ఫ్యాన్ల కింద మాట సరిగ్గా వినపడదు.

ఈ రోజు అంశం డిస్టోపియా సినిమాలు, వాటిలో క్రైస్తవ నిరీక్షణ. పేరు బరువుగా ఉంది గానీ సరుకు మీకు తెలిసిందే. రేపటి లోకం చెడిపోయి ఉంటుంది. నీళ్లుండవు, లేదంటే పిల్లలుండరు. పైన కొద్దిమంది హాయిగా బతుకుతుంటారు, కింద మిగతావాళ్లంతా నలుగుతుంటారు. మనకిది కొత్తేం కాదు. 1991లో వచ్చిన ఆదిత్య 369 గుర్తుందా? టైమ్ మెషీన్ ఎక్కి 1526కు, రాయలవారి కాలానికి పోవడం అందరికీ గుర్తే. తర్వాత 2504కు పోతారు. అక్కడ యుద్ధం అయిపోయింది, పైన రేడియేషన్, జనం నేల కింద బతుకుతుంటారు. ఆ భాగాన్ని చాలామంది మరిచిపోయారు. తెలుగులో డిస్టోపియా అంటే నేను మొదట చెప్పేది అదే.

సినిమాల్లోకి పోయేముందు ఒక మాట దగ్గర ఆగుదాం. ఇంగ్లీషులో హోప్ అన్నదానికి మన తెలుగు బైబిలులో ‘ఆశ’ అని కాకుండా ‘నిరీక్షణ’ అని పెట్టారు. బజార్లో ఎవరూ ఆ మాట ఆ అర్థంలో వాడరు. నిరీక్షణ అంటే ఎదురుచూడటమే. లాటరీ తగిలితే బాగుండు అనుకునేవాడు మంచం మీద పడుకొని కూడా ఆశపడొచ్చు. హనుమకొండ బస్టాండులో ములుగు బస్సు కోసం చూసేవాడికి అట్ల కుదరదు. సంచి సర్దుకోవాలి, పిల్లను చంకనేసుకోవాలి, వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడాలి. బస్సు ఇంకా కనపడలేదు, అయినా ఇల్లు విడిచి వచ్చేశాడు. రోమా పత్రిక 8వ అధ్యాయం 24వ వచనం అదే చెబుతుంది. కనబడేదాని కోసం ఎవడు నిరీక్షిస్తాడు అని అడుగుతుంది. దానికి రెండు వచనాల ముందు, 22లో, సృష్టి అంతా ప్రసవవేదన పడుతోందని ఉంది. ఈ రెండూ పక్కపక్కన గుర్తుపెట్టుకోండి, ప్రసవవేదన, నిరీక్షణ. కాసేపట్లో ఒక సినిమా ఈ రెండింటి మీదే నిలబడుతుంది.

ఇంకో మాట అపొకలిప్స్. లోకం కాలిపోవడం అనుకుంటారు. గ్రీకులో దాని అర్థం కప్పి ఉన్నదాన్ని తీసేయడం. మన భాషలో తెర తీయడం. ప్రకటన గ్రంథంలో ‘ప్రకటన’ అదే. పత్మోసు లంకలో ఉన్న యోహాను రేపటి సంగతులతోపాటు తన కాలపు సామ్రాజ్యానికి కూడా తెర తీశాడు. ఆ సామ్రాజ్యాన్నే బబులోను అంటాడు. 18వ అధ్యాయం తెరిస్తే బబులోను వర్తకుల సరుకుల పట్టీ ఉంటుంది. బంగారం, వెండి, రత్నాలు, ముత్యాలతో మొదలై, దాల్చినచెక్క, ద్రాక్షారసం, నూనె, గోధుమలు, పశువులు, గుర్రాలు, రథాలు అంటూ పోయి, 13వ వచనం చివర మనుషుల ప్రాణాల దగ్గర ఆగుతుంది. బంగారం మొదట, మనిషి చివర. మన మిర్చి యార్డులో రేట్ల బోర్డు ఎట్ల ఉంటుందో అట్ల చదవండి ఆ పట్టీని. గుండె జల్లుమంటుంది.

కాబట్టి మీరు ఏ డిస్టోపియా సినిమా తీసుకున్నా మొదటి ప్రశ్న ఇది: ఈ లోకంలో మనిషి ఏ సరుకుగా అమ్ముడవుతున్నాడు? రెండోది: కనబడనిదాని కోసం ఎవరు కదిలారు, ఖర్చు ఎవరి చేతి నుంచి పోయింది? ఈ రెండూ చాలు. పది ప్రశ్నలున్న కాగితం పంచితే పిల్లలు దాన్ని పరీక్ష పేపరు అనుకుంటారు.

ఖర్చు అంటే ఏందో చెప్పడానికి యిర్మీయా 32 తీసుకోండి. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం ఉంది. యిర్మీయా చెరసాలలో ఉన్నాడు. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో నా పొలముంది కొనుక్కో అంటాడు. శత్రువు చేతికి పోబోయే ఊళ్లో పొలం! మన దగ్గర ఏ బ్రోకరైనా ఆ బేరం ముట్టుకుంటాడా? [నవ్వులు] యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. సాక్షుల్ని పెట్టాడు, పత్రం రాయించాడు. తెల్లకాగితం మీద రాసుకునే సాదాబైనామాతో సరిపెట్టలేదు. ముద్ర వేసిన పత్రం ఒకటి, ముద్ర లేనిది ఒకటి, రెండూ మట్టికుండలో పెట్టించాడు, చాలా రోజులు చెడిపోకుండా ఉండాలని. నిరీక్షణకు రసీదు ఉంటుంది. సినిమాలో ఆ రసీదు వెతకండి. హీరో మంచి డైలాగు చెప్పాడా అన్నది తర్వాత.

ఇక అసలు సినిమా. 2006లో వచ్చిన ‘చిల్డ్రన్ ఆఫ్ మెన్’. దర్శకుడు అల్ఫోన్సో క్వారోన్. పి.డి. జేమ్స్ 1992లో రాసిన నవల ఆధారం. ఆమె ఆంగ్లికన్ విశ్వాసి. పేరు కీర్తనలు 90:3లోది, నరులారా తిరిగి రండి అనే వచనం. కథ 2027లో, ఇంగ్లండులో. లోకంలో 18 ఏళ్లుగా ఒక్క బిడ్డ పుట్టలేదు. శరణార్థుల్ని పంజరాల్లో పెడుతుంటారు. థియో అనే గుమాస్తా, తన బిడ్డ చచ్చిపోయాక దేని మీదా మనసు లేనివాడు, కీ అనే నల్లజాతి శరణార్థి యువతిని సముద్రం దాకా చేర్చాలి. ఆమె గర్భిణి.

ఆమె ఆ సంగతి చెప్పేది ఎక్కడో చూడండి, పశువుల కొట్టంలో. ఆవుల మధ్య నిలబడి ముందు ఆవుల గురించి మాట్లాడుతుంది. పాలు పితికే మిషన్‌కు నాలుగు చన్నులే సరిపోతాయి కాబట్టి మిగతావి కోసేస్తారట. మిషన్నే మార్చొచ్చు కదా అంటుంది. పాడి ఉన్న ఇంటి పిల్లలు ఈ మాటకు వెంటనే తల ఎత్తుతారు. అదనపు చన్ను అంటే ఏందో వాళ్లకు తెలుసు. శరీరాన్ని యంత్రానికి తగ్గట్టు కోయాలా, యంత్రాన్ని శరీరానికి తగ్గట్టు చేయాలా? మన మొదటి ప్రశ్న, సరుకుల పట్టీ ప్రశ్న, ఆవు నోట్లోంచి వచ్చినట్టే ఉంటుంది. ఆ తర్వాతే ఆమె బట్ట తొలగించి కడుపు చూపిస్తుంది. కొట్టం, పశువులు, గర్భిణి. బెత్లెహేము అని చెప్పక్కర్లేదు. చెప్పకండి కూడా. ఎవరో ఒక చెల్లె చెప్పేదాకా ఆగండి. ఆమె చెప్పినప్పుడు అది ఆమెది అవుతుంది. ఇంకోటి, ఆ దృశ్యంలో నగ్నత్వం ఉంది. చిన్నపిల్లలకు ఆవుల మాటల దాకానే చూపించి, మిగతాది నోటితో చెప్పండి.

చివర్లో శరణార్థుల శిబిరంలో సైన్యానికీ తిరుగుబాటుదారులకూ కాల్పులు. బిడ్డ అప్పటికే పుట్టింది. థియో, కీ ఒక పగిలిన భవనం మెట్లు దిగుతుంటారు. బిడ్డ ఏడుపు వినపడుతుంది. జనం చేతులు చాచి బిడ్డ పాదాలు ముట్టుకుంటారు. సైనికులు కాల్పులు ఆపమని అరుస్తారు. కొందరు మోకరిస్తారు, కొందరు సిలువ గుర్తు వేసుకుంటారు. ట్యాంకుల మధ్యనుంచి ఒక తల్లి, ఒక బిడ్డ నడిచిపోతారు.

అందరూ ఇక్కడే క్లిప్పు ఆపేస్తారు. తప్పు అక్కడే జరుగుతుంది.

ఆ తర్వాత కొన్ని క్షణాల్లోనే పైనుంచి ఒక పేలుడు. అందరూ మళ్లీ తుపాకులు ఎత్తుతారు. ఇంతసేపు మోకరించినవాళ్లే. బిడ్డ లోకాన్ని మార్చలేదు, ఒక్క దారి తెరిచింది అంతే. పేలుడును కోసేస్తే మీ చేతిలో మిగిలేది గ్రీటింగు కార్డు. పేలుడుతో సహా చూపిస్తే మత్తయి 2వ అధ్యాయం అవుతుంది, యేసు పుట్టాక హేరోదు రాజు బెత్లెహేము పసిబిడ్డల్ని చంపించిన అధ్యాయం. మన క్రిస్మస్ కార్యక్రమాల్లోనూ ఇదే కత్తెర. గొల్లలు వస్తారు, జ్ఞానులు వస్తారు, నక్షత్రం వెలుగుతుంది, పిల్లలకు కేకు పంచేస్తాం. హేరోదు సైనికులు వేదిక మీదికి రారు. రామా అనే ఊళ్లో వినబడిన అంగలార్పు ఎవరూ చదవరు. మరియ, యోసేపు రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోయారు, అంటే వాళ్లూ శరణార్థులే. ఈ సినిమాను అమెరికాలో విడుదల చేసింది 2006 డిసెంబరు 25న. ఆ తేదీ ఎంచినవాళ్లకు మత్తయి 2 గుర్తుందో లేదో గానీ, తేదీ మాత్రం సరిగ్గా కుదిరింది.

ఒక సాంకేతిక సంగతి కూడా. ఆ కాల్పుల భాగాన్ని కట్ లేకుండా ఒకే పొడుగు షాట్‌లాగా కనిపించేట్టు తీశారు. కెమెరా ఇమాన్యుయేల్ లుబెజ్కీది. మధ్యలో రక్తపు చుక్కలు లెన్సు మీద పడతాయి. తుడవకుండా అట్లనే వదిలేశారు. కట్ చేస్తే మనం తప్పించుకుంటాం, కన్ను వేరేచోటికి పోతుంది. కట్ లేకపోతే థియోతోపాటు మనమూ ఆ మెట్లు ఎక్కాలి, ఆ మెట్లు దిగాలి. అందుకే ఈ క్లిప్పును మీరు ఎడిటింగ్ యాప్‌లో ముక్కలు చేయొద్దు. ముక్కలు చేస్తే దర్శకుడు ఏ పని కోసం అంత కష్టపడ్డాడో ఆ పనే పోతుంది.

మిగతా సినిమాలు తొందరగా చెబుతా.

‘ది బుక్ ఆఫ్ ఎలై’, 2010. డెంజెల్ వాషింగ్టన్. యుద్ధం అయిన 30 ఏళ్ల తర్వాత ఒకడు ఒక బైబిలు మోసుకుంటూ పడమరకు నడుస్తుంటాడు. కార్నెగీ అనేవాడికి ఆ పుస్తకం కావాలి, జనాన్ని లొంగదీసుకోవడానికి. ఒకే పుస్తకం, రెండు చేతులు. మన యువకులు దీన్ని ఫైట్ల కోసం చూస్తారు. పొరుగువాణ్ణి ప్రేమించమనే పుస్తకం కోసం ఎంతమందిని నరికాడో లెక్కపెట్టమనండి, చర్చ దానంతటదే మొదలవుతుంది. ఎలై కూడా ఒకచోట ఒప్పుకుంటాడు, పుస్తకాన్ని కాపాడే పనిలో పడి అందులో రాసింది చేయడం మరిచిపోయానని. మీరు చూపించాల్సింది సొలారా అనే అమ్మాయి ప్రాణం కోసం అతను ఆ పుస్తకం ఇచ్చేసే దృశ్యం. రసీదు అక్కడుంది. చివరికి పుస్తకం బ్రెయిలీలో ఉందని, మొత్తం అతనికి కంఠతా వచ్చని తెలుస్తుంది. సండే స్కూల్లో కంఠత వచనాల పోటీ పెట్టే అక్కలకు ఈ సినిమా చాలా నచ్చుతుంది. [నవ్వులు] ఒక చిన్న పేచీ: బ్రెయిలీ బైబిలు ఒక్క సంపుటంలో పట్టదు, అరమర నిండా వస్తుంది. మీ గుంపులో చూపులేని తమ్ముడు ఉంటే ఆ సంగతి అతనే ముందు చెబుతాడు. చెప్పనివ్వండి.

‘ది మేట్రిక్స్’, 1999. దీంతో జాగ్రత్త. గుర్తులు కుప్పలుగా దొరుకుతాయి. ఓడ పేరు నెబుకద్నెజరు. దాని రేకు మీద మార్క్ 3, నంబరు 11 అని ఉంటుంది. మార్కు సువార్త 3:11 తీస్తే, నీవు దేవుని కుమారుడవు అని అపవిత్రాత్మలు కేకలు వేసే వచనం. నగరం పేరు సీయోను. ట్రినిటీ, అంటే త్రిత్వం, అనే పాత్ర ఉంది. మాంసం ముక్క కోసం స్నేహితుల్ని అమ్మే సైఫర్ ఉన్నాడు. హీరో నియో చచ్చి లేస్తాడు. ఇవన్నీ బోర్డు మీద రాసి మురిసిపోతే అది గుర్తుల లెక్క అవుతుంది గానీ ధ్యానం కాదు. లోపల ఉన్న ఆలోచన ఏందో చూడండి: కళ్లకు కనిపించే లోకం మాయ, శరీరం అబద్ధం, నిజం తెలుసుకున్నవాడు బయటపడతాడు. ఇది మొదటి శతాబ్దాల్లో సంఘం వాదించి కాదన్న గ్నాస్టిక్ బోధకు దగ్గరగా ఉంది. ఆదికాండము 1 సృష్టి మంచిదంటుంది. రోమా 8:23 మన దేహాలకు విమోచనం వస్తుందంటుంది, దేహం నుంచి విమోచనం అనదు. ఆ ఒక్క విభక్తి మీద గంట మాట్లాడొచ్చు. ఈ సినిమాతో ఏకీభవించకుండానే మంచి చర్చ నడుస్తుంది.

‘బ్లేడ్ రన్నర్’, 1982. కథ జరిగే ఏడాది 2019, అంటే దాటిపోయాం. మనుషులే తయారుచేసిన కృత్రిమ మనుషులకు నాలుగేళ్లే ఆయువు. రాయ్ బాటీ అనేవాడు చివర్లో అరచేతిలో మేకు దింపుకుంటాడు, చేతిలో పావురం ఉంటుంది, తనను చంపడానికి వచ్చినవాణ్ణి కాపాడతాడు. వెంటనే సిలువ అంటారు. ఆగండి. ఆ మేకు ఎందుకు దింపుకున్నాడు? మొద్దుబారిపోతున్న చెయ్యి ఇంకాసేపు పనిచేయాలని, తన కోసం. అంతకుముందు తన్ను చేసినవాణ్ణి చేతులతో చంపాడు. కాబట్టి మేకును పక్కనపెట్టి, జారిపోతున్న శత్రువు మణికట్టు పట్టుకున్న క్షణాన్ని తీసుకోండి. సరుకుగా తయారైనవాడు చివరి నిమిషంలో సరుకులాగా ప్రవర్తించలేదు. నాకు అక్కడ కనిపించేది క్రీస్తు పోలిక కంటే యేసు పక్కన సిలువ మీద చివరి ఘడియలో మారిన దొంగ పోలిక.

‘స్నోపియర్సర్’, 2013, బాంగ్ జూన్-హో. లోకం గడ్డకట్టింది, మిగిలినవాళ్లంతా ఆగని రైల్లో. కాజీపేట జంక్షన్ ఉన్న ఊరివాళ్లకు తరగతుల పెట్టెల సంగతి విడమరిచి చెప్పాలా? ఇంజన్లో అరిగిపోయిన భాగం బదులు ఒక చిన్నపిల్లాణ్ణి పెట్టి పనిచేయిస్తుంటారు. ప్రకటన 18:13 ఇంత సూటిగా ఇంకెక్కడా తెర మీద చూడలేదు. వెనక పెట్టెల తిరుగుబాటు నడిపిన కర్టిస్ తన చెయ్యి యంత్రంలో అడ్డుపెట్టి పిల్లాణ్ణి లాగుతాడు. ఖర్చు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

పిల్లలకైతే ‘వాల్-ఈ’, 2008. చెత్త కుప్పల భూమి, పాత బూటులో ఒక పచ్చని మొక్క. నోవహు పావురం తెచ్చిన ఒలీవ ఆకు పక్కన పెట్టండి. ఏడేళ్ల పిల్లకు కూడా అందుతుంది.

ఇప్పుడు అందరి మనసులో ఉన్న ప్రశ్న. కల్కి 2898 ఏడీ. 2024, నాగ్ అశ్విన్. మన భాషలో వచ్చిన అంత పెద్ద డిస్టోపియా. కాశీ ఎండిపోయింది, పైన కాంప్లెక్స్ వేలాడుతోంది, ఆడవాళ్ల గర్భాల నుంచి సీరం తీస్తున్నారు. ఒక గర్భిణి తప్పించుకొని శంబల వైపు పోతుంది. పుట్టబోయేవాడు రక్షకుడు. ప్రకటన 12లో కూడా గర్భిణి ఉంది, ఘటసర్పం ఉంది, అడవికి పారిపోవడం ఉంది. పోలిక కళ్లముందే ఉంది కదా అని కల్కిని క్రీస్తు చేసేయకండి. అది వైష్ణవ సంప్రదాయంలో దశావతారాల కథ. దానికి దాని పురాణం, దాని భక్తులు ఉన్నారు. పక్కింటివాళ్ల దేవుణ్ణి మన బోధకు దృష్టాంతం చేస్తే వాళ్లకు ఎట్ల ఉంటుందో, మన యేసును ఇంకొకరు అట్ల వాడితే మనకెట్ల ఉంటుందో ఆలోచించండి. పోలికను పోలికగా ఉంచండి, తేడాను కూడా అదే గొంతుతో చెప్పండి. అక్కడ ఖడ్గం పట్టి వచ్చే అవతారం కోసం చూపు. చిల్డ్రన్ ఆఫ్ మెన్‌లో పుట్టింది ఆడపిల్ల, చేతిలో ఏమీ లేదు. రెండు కథలూ గర్భాన్నే కాపాడుతున్నాయి. మన గుంపుల్లో హిందూ స్నేహితులు కూడా కూర్చుంటారు, వాళ్లను అడిగి తెలుసుకునే మంచి వేళ అది.

పని సంగతులు కొన్ని. ఇంట్లో చూడ్డానికి తీసుకున్న ఓటీటీ చందాతో హాల్లో నలుగురికీ సినిమా వేయడం కుదరదు, హక్కుదారుల అనుమతి కావాలి. అనుమతి లేకపోతే అందరినీ ఇంటిదగ్గర చూసి రమ్మనండి, హాల్లో మాటలే పెట్టుకోండి. వాల్-ఈ తప్ప నేను చెప్పిన ఇంగ్లీషు సినిమాల్లో ఎక్కువ భాగం పెద్దలవి, హింస ఉంది, ముందు మీరు పూర్తిగా చూడాలి. రెండుసార్లు చూడండి, రెండోసారి శబ్దం తీసేసి. డైలాగు లేకుండా ఎవరు ఎవరి వైపు చెయ్యి చాచారో కనిపిస్తుంది. క్లిప్పు ఐదారు నిమిషాలు దాటొద్దు. తెలుగు సబ్‌టైటిల్స్ దొరక్కపోతే ముందే రెండు నిమిషాల్లో కథ చెప్పేయండి, మధ్యలో అనువాదం చేస్తూ పోవద్దు, దృశ్యం చచ్చిపోతుంది. మార్చి తర్వాత మధ్యాహ్నం పెట్టకండి. మన హాళ్లకు కర్టెన్లు సరిగ్గా ఉండవు, ఈ సినిమాలేమో సగం చీకట్లోనే తీశారు, తెర మీద బూడిద రంగు తప్ప ఏమీ కనపడదు. పొద్దు గుంకాక పెట్టండి.

క్లిప్పు అయిపోగానే నాయకుడు లేచి సువార్త చెప్పేస్తాడు. ఇది అన్నిచోట్లా జరిగేదే. ఎందుకంటే మౌనం అంటే మనకు భయం. ఒక్క నిమిషం గడియారం చూసుకొని ఊరుకోండి. తర్వాత “ఏం అర్థమైంది?” అని కాకుండా “ఏం కనిపించింది?” అని అడగండి. మొదటి ప్రశ్నకు తెలివైనవాళ్లు జవాబిస్తారు, రెండోదానికి అందరూ జవాబిస్తారు. వాక్యం చివర్లో చదవండి. ముందే చదివితే పిల్లలు సినిమాలో ఆ వాక్యాన్నే వెతుకుతారు, మిగతాది చూడరు.

క్రిస్మస్‌కు ఏది పెట్టాలని అడుగుతున్నారు ఆ అక్క. చిల్డ్రన్ ఆఫ్ మెన్ చివరి భాగం పెట్టండక్కా, పెద్దవాళ్లకు. పేలుడు దాటి, పడవ దాకా. పొగమంచులో చిన్న పడవ. థియో ఒంట్లోంచి రక్తం పోయింది. కీ బిడ్డను ఎత్తుకొని చూస్తుంటుంది. దూరంగా ఒక ఓడ, పేరు టుమారో, రేపు. ఆ ఓడలో ఎవరున్నారో, వాళ్లు మంచివాళ్లో కాదో సినిమా చూపించదు. ఓడ దగ్గరికి వస్తుండగా తెర నల్లబడుతుంది. అప్పుడు మీ గుంపులో ఎవరో ఒకరు లేచి గోడ దగ్గరికి పోయి ట్యూబులైటు వేస్తారు. స్విచ్చు దగ్గర ముందే ఒక మనిషిని నిలబెట్టి, వేయొద్దని చెప్పి ఉంచండి. ఆ నల్ల తెర మీద పిల్లలు ఆడుకుంటున్న గొంతులు వినపడతాయి.